అడిగితే కదా వద్దనేది!

(బాన్సువాడలో మహిళా సంఘాల సభ్యులు, ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'క్లినికల్ ట్రయల్స్‌లో పాల్గొనడం పట్ల రోగుల వైఖరి' గురించి నన్ను మాట్లాడమన్నారు. ఈ మాట పరిశోధకులది. ప్రశ్నపత్రం పట్టుకెళ్ళి 'సుముఖం, విముఖం, చెప్పలేం' అని గీతలు పెట్టడానికి వీలుగా వుంటుంది. నేనూ అలాంటి పత్రాలు తయారు చేసినదాన్నే. ఇవాళ పొద్దున మాత్రం పత్రం పక్కన పెట్టి, ఇక్కడ బీడీలు చుట్టే అక్కలతో కాసేపు కూర్చున్నాను. కొత్త మందు పరీక్ష చేస్తాం, మీరు చేరతారా అని దవాఖానలో అడిగితే ఏమంటారని అడిగాను.

ఒకామె వెంటనే, "డాక్టరమ్మ చెప్తే ఏస్కుంట. ఆమెకన్న నాకెక్కువ ఎర్కనా?" అంది. పక్కనున్న పెద్దమ్మ కాసేపు బీడీ చుట్టడం ఆపి, "వద్దంటే ఎట్ల? రేపు బిడ్డ కాన్పుకు మళ్ల ఆ దవాఖానకే పోవాలె గద" అంది.

నా ప్రశ్నపత్రంలో ఇద్దరూ 'సుముఖం' కిందికే వస్తారు. మొదటామెది నమ్మకం, రెండో ఆమెది భయం. ఆ రెండింటికీ ఒకే గీత పెట్టి 'సమ్మతి' అని పేరు పెట్టడం గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

ముందుగా ట్రయల్ అంటే ఏమిటో చూద్దాం. మామూలుగా డాక్టరు మన జబ్బుని చూసి మనకి ఏది మంచిదో ఆ మందు రాస్తుంది. ట్రయల్‌లో అలా కాదు. కొత్త మందు పని చేస్తుందో లేదో, ఎంత హాని చేస్తుందో ఇంకా పూర్తిగా తెలియదు కాబట్టే పరీక్షిస్తారు. చాలా ట్రయల్స్‌లో సగం మందికి కొత్తది, మిగతా సగానికి పాతది, కొన్నిసార్లు అసలు మందే లేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు తేలుతుంది. చాలాసార్లు అది డాక్టరుకీ తెలియదు. అదే దవాఖాన, అదే తెల్లకోటు, అదే సూది. రోగి మాత్రం ఇది తన వైద్యమే అనుకుంటుంది. ఆ అపోహ తొలగకుండా పెట్టిన సంతకం దేనికి సమ్మతి?

ఇది మనకి కొత్త సమస్య కాదు. 1985లో హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ని పరీక్షించారు. గర్భం రాకుండా రెండు నెలలకోసారి ఇచ్చే హార్మోను సూది అది. పరీక్ష భారత వైద్య పరిశోధనా మండలిది. అప్పటికి నేను పలక పట్టుకున్న పిల్లని. స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళి చూస్తే, ఆ స్త్రీలకి అది ప్రయోగమనే చెప్పలేదని తేలింది. పిల్లలు పుట్టకుండా సూది అన్నారు, చేయి చాపారు. ఆ సూదితో ముట్టు క్రమం తప్పుతుంది. కొందరికి ఆగకుండా అవుతుంది, కొందరికి నెలల తరబడి రాదు. ఆ నెలంతా పొలానికి వెళ్ళాల్సింది, ఇంట్లో అత్త మాటలు పడాల్సింది ఆమే. సంఘటన, ఢిల్లీ నుంచి సహేలీ, మరికొందరు కలిసి 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2000 దాకా సాగిన ఆ కేసు వల్లే 'తెలిసి ఇచ్చే సమ్మతి' అన్న మాట మన ఉద్యమాల్లో నలిగింది.

పటాన్‌చెరు స్త్రీల వైఖరి సుముఖమా, విముఖమా? అడిగితే కదా!

పాతికేళ్ళ తర్వాత ఖమ్మం జిల్లాలో ఇదే కథ చిన్నపిల్లల మీద జరిగింది. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా ఇచ్చారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. చాలామంది ఆదివాసీ హాస్టళ్ళ పిల్లలు. దాన్ని ట్రయల్ అనలేదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. పేరు మారిస్తే నియమాలు వర్తించవన్నమాట! పిల్లల మరణాల వార్తలతో, మహిళా సంఘాల ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం లేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా చెడ్డదని నేనూ అనను, అది ప్రపంచమంతా ఆడపిల్లలకి మేలు చేస్తున్నదే. నా గొడవ సంతకాల గురించి. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు! అడవిలో వున్న అమ్మకి కబురు పంపే ఓపిక ఎవరికీ లేకపోయింది. మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం నాటింది ఈ ఓపిక లేనితనమే.

ఇక డబ్బు సంగతి. 2011లో పిడుగురాళ్ళ ఆడవాళ్ళ కథ, 2017లో కరీంనగర్ ప్రాంతపు మగవాళ్ళ కథ పత్రికల్లో చదివే వుంటారు. జబ్బు లేకపోయినా పైసల కోసం మందు పరీక్షలకి వెళ్ళినవాళ్ళు. వాళ్ళని 'వాలంటీర్లు' అంటారు. అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే వచ్చే స్వచ్ఛందం అది.

అలాగని ట్రయల్సే వద్దందామా? నేను అనలేను. మనల్ని కాపాడే నెపంతో మనల్ని బయట వుంచిన చరిత్ర కూడా వుంది. అమెరికాలో 1977 నుంచి 1993 దాకా పిల్లల్ని కనే వయసు స్త్రీలని మందుల తొలి దశ పరీక్షల్లోకి రానివ్వలేదు. మగవాళ్ళ ఒంటి మీద తేల్చిన మోతాదుని మనకి ఇచ్చారు. కోవిడ్ కాలంలో 2020 జూలైలో హైదరాబాద్ నిమ్స్‌లో టీకా పరీక్ష మొదలైతే, ఏం జరుగుతోందో తెలిసే ముందుకొచ్చినవాళ్ళున్నారు. తెలిసి చేయి చాపడం వేరు.

2019 నాటి కొత్త నిబంధనల్లో పనికొచ్చేవి చాలా వున్నాయి. అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువురానివారైతే సంబంధం లేని సాక్షి వుండాలి. పత్రం నకలు చేతికివ్వాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, దానివల్ల వైద్యం ఆగకూడదు. హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. మరణానికి లెక్క 8 లక్షల మూలమొత్తంతో మొదలై వయసుతో, రిస్కుతో హెచ్చవేత. ఆరు నెలలకి మించి బతకదనుకున్న రోగికి రిస్కు అంకె 0.5, ఆరోగ్యవంతుడికి 4. ఎంత జబ్బు మనిషైతే అంత చవక!

ఒక సొంత సంగతి చెప్తాను. మా అమ్మకి జబ్బు చేసినప్పుడు ఒక పెద్ద ఆస్పత్రిలో పరిశోధన పత్రం నా చేతికిచ్చారు, చాలా పేజీలు. డాక్టరు తలుపు దగ్గర నిలబడే వున్నాడు. సమ్మతి మీద వ్యాసాలు రాసే నేను చదవకుండా సంతకం పెట్టాను. అడిగితే ఆయనకి కోపం వస్తుందేమో, ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమో అనుకున్నాను. అందుకే పొద్దున పెద్దమ్మ మాట నాకు కొత్తగా అనిపించలేదు.

ఆమెకి నిబంధన చెప్పాను, నువ్వు వద్దన్నా వైద్యం ఆపకూడదని. ఆమె నవ్వి, "కాయితం మీద అట్లనే ఉంటది బిడ్డా. ఆ సిస్టరమ్మ మొహం ఎట్ల పెడ్తదో నీకేమెర్క?" అంది. తర్వాత, "గా కాయితం సదివెతందుకు ఎంతసేపైతది?" అని అడిగింది. సరిగ్గా చదివి వివరిస్తే గంట పైనే అన్నాను. అంతసేపు బీడీలు ఆగితే ఆ రోజు వెయ్యి పూర్తి కావు. "మరి నాతోని అంతసేపు కూసునేటోళ్లు ఎవలు? మీ సంఘపోళ్లు వస్తరా?" అంది.

దవాఖాన ఇక్కడే వుంది, మీరూ ఇక్కడే వున్నారు. నేను సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతాను. ఆమెకి జవాబు మీలో ఎవరు చెప్తారు?