వెల్లుల్లి మడి, బావి నీరు



మన పల్లెలలో ఎల్లిగడ్డ యని పిలువబడు వెల్లుల్లికి సంస్కృతమున రసోనమని పేరు. షడ్రసములలో పులుపొక్కటి దీనియందు లేదట. ఒక రసము ఊనమైనది గనుక రసోనము. రాహువు కంఠము తెగినపుడు నేలబడిన అమృతబిందువులనుండి ఇది పుట్టెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పెను. అమృతమున బుట్టినదైనను, నేలలో నున్నదానినే త్రాగి పెరుగును. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు రైతు ఈ సంగతి మరువరాదు.

దీనికి విత్తనము పాయయే. దసరా దాటి వానలు వెనుదిరిగిన పిదప చిత్త, స్వాతి కార్తెలలో నాటుట మేలు. చలిదినములలో ఆకు పెరుగును; పగలు పొడవై ఎండ ముదిరినకొలది గడ్డ ఊరును. ఆలస్యముగా నాటినచో ఆకు చాలక గడ్డ సన్నమగును. వెలుపలి వరుసలోని లావు పాయలనే యేరి, మొన పైకుండునట్లు రెండంగుళముల లోతున, వరుసల నడుమ ఆరంగుళములు, పాయల నడుమ నాలుగంగుళములు ఎడముంచి పెట్టవలయును. ఎకరమునకు 200 నుండి 250 కిలోలు పట్టును. లోపలి సన్నపాయలు రోటికేగాని మడికి పనికిరావు.

నీరు నిలువని గరపనేల దీనికి మేలు. రేగడిలో పెరిగిన గడ్డను త్రవ్వునపుడు మట్టి విడువదు. ఎరువు బాగుగా చివికినదై యుండవలయును. ఉల్లి తీసిన మడిలో వెంటనే దీనిని వేయరాదు. తామరపురుగు పట్టినచో నూరు లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పొడితో తీసిన కషాయము చల్లవలయును.

ఇంతవరకు పలువురెరిగినదే. కేంద్రప్రభుత్వము 2001లో ఏర్పరచిన సేంద్రియోత్పత్తి విధానమున, వార్షికపు పంటలకు విత్తుటకు ముందు రెండేండ్లు రసాయనములు విడువవలెనని నియమము గలదు. రైతు రసాయనములు మానవచ్చును, వాగు మానునా?

పటాన్‌చెరు, బొల్లారములలో 1970ల తర్వాత పెరిగిన కార్ఖానాల మురికి నక్కవాగున జేరి మంజీరవైపు ప్రవహించెను. పొలములు చెడెను, బావులు చెడెను. 1990లో ఈ వ్యాజ్యము సుప్రీంకోర్టుకెక్కెను. రైతులకు పరిహార మిప్పించుచు తీర్పులు వచ్చినవి. పరిహారము చేతికి వచ్చును గాని, నేలలో దిగిన విషలోహము లేచిపోదు.

మునుపు పహాణీలో నీటి ఆధారమునకొక గడి యుండెడిది. బావి, చెరువు, వాగు అని వ్రాసిన చాలును. ఆ నీటి గుణమునకు మాత్రము గడి లేదు. ఆ గడిని రైతే గీసికొనవలయును.

కనుక పాయ కొనుటకు ముందే బావి నీటిని వేసవిలో నొకసారి, వానలు వెలిసిన పిదప నొకసారి పరీక్షింపజేయవలయును. సామాన్యపు పరీక్షలో ఉప్పదనము, క్షారము మాత్రమే తెలియును. సీసము, ఆర్సెనిక్ మున్నగువానిని ప్రత్యేకముగా అడిగి చేయించవలయును. ఇసుకలో వడగట్టినను కరిగిన లోహము పోదు. ఆ వాగునీరు త్రాగిన పశువుల ఎరువును సైతము అనుమానింపవలసినదే. నీరు తప్పినచో ఆ బావి క్రింద వెల్లుల్లి వలదు. పేడ వేసితిమను ధీమాతో సేంద్రియమని అమ్ముట, కొనువానిని వంచించుటయే. వాగుకు ఎగువనున్న చేను గలవారు వానకాలమున తమ చేని నీటినే గుంటలో నిలువజేసికొనిన, కొన్ని గుంటల మడికైనను అది అక్కరకు వచ్చును.

ఫాల్గుణమున ఆకు పసుపువారి వంగును. త్రవ్వుటకు పదునైదు, ఇరువది దినముల ముందే నీరు కట్టుట ఆపి, త్రవ్విన గడ్డలను ఆకుతోనే నీడన ఆరబెట్టవలయును. వానిలో లావైనవి వచ్చు స్వాతికి విత్తనముగా జడలల్లి, గాలి తగులునట్లు దూలమునకు వ్రేలాడగట్టవలయును.