గోడలో ఉన్న టీవీ తీగ, ఇంటికంతా నెట్
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



షోలాపూర్, భీవండిలాంటి ఊళ్లలో మన నేత కుటుంబాల ఇళ్లు చాలావరకు మనకు తెలిసినవే. కింద సాంచాలు, పైన సంసారం. తువ్వాళ్ల ఆర్డర్లు, డిజైన్ బొమ్మలు ఇప్పుడు ఫోన్లోనే వస్తున్నాయి. పిల్లల పరీక్ష ఫారాలు కంప్యూటర్లోనే నింపాలి. నెట్ పెట్టె ముందు గదిలో ఉంటుంది. స్లాబు, మందపాటి గోడలు, ఇనుప సాంచాలు దాటేసరికి వైఫై నీరసించిపోతుంది. అందుకని ఒకే ఇంట్లో కిందికొకటి, పైకొకటి కనెక్షన్ తీసుకుని నెలనెలా రెండు బిల్లులు కట్టేవాళ్లున్నారు. రెండో కనెక్షన్ తీసుకునే ముందు, గోడలు తవ్వించే ముందు, గోడలో ఉన్న పాత టీవీ కేబుల్‌ను ఒకసారి చూడమని చెప్పడానికే మేము ఈ నాలుగు మాటలు మాట్లాడుతున్నాం.

ఆ కేబుల్ మధ్యలో ఒక తీగ, చుట్టూ తెల్లని పొర, దానిమీద సన్నని తీగల అల్లిక ఉంటాయి. ఆ అల్లికే బయటి అలజడిని లోపలికి రానివ్వదు. కరెంటు వైర్ల మీద నెట్ పంపే పరికరాలూ ఉన్నాయి గానీ, మోటార్లు తిరిగే చోట వాటికి చిక్కు ఎక్కువ.

టీవీ కేబుల్‌కు కావలసినవి మోకా అడాప్టర్లు రెండు. ఒకటి రౌటర్ దగ్గర, రెండోది పై గదిలో టీవీ సాకెట్ దగ్గర. అక్కడినుంచి కంప్యూటర్‌కు లాన్ వైరు ఇవ్వొచ్చు, లేదా ఇంకో వైఫై పెట్టె పెట్టుకోవచ్చు. టీవీ కూడా ఆగదు. కేబుల్ టీవీ సుమారు 1000 మెగాహెర్ట్జ్ లోపల నడుస్తుంది, మోకా 1125 నుంచి 1675 మధ్య నడుస్తుంది. మోకా 2.5 రకానికి 2500 మెగాబిట్ల వరకు సామర్థ్యం ఉంది. ఇంట్లో ఉండే 100 మెగాబిట్ల కనెక్షన్‌కు అది చాలా ఎక్కువే.

కొనేముందు ఇవి చూసుకోండి.

మొదటిది, రెండు గదుల తీగలూ ఒకచోట కలవాలి. బయటినుంచి ఒక్క టీవీకే తీగ వచ్చి ఆగిపోతే ఈ ఉపాయం పనికిరాదు.

రెండోది, కలిసేచోట ఉన్న స్ప్లిటర్‌మీద అంకెలు చదవండి. 5–1000 అని ఉంటే, 1675 దాకా పనిచేసేది తెచ్చి మార్చండి. మధ్యలో బూస్టర్ ఉంటే తప్పించాలి. చేత్తో మెలిపెట్టిన అతుకులు తీసి కనెక్టర్లు వేయించండి.

మూడోది, డిష్ తీగమీద దీన్ని కలపొద్దు. డిష్ సంకేతాలు 950–2150 మధ్య వస్తాయి గనక రెండూ కొట్టుకుంటాయి.

నాలుగోది, చాళ్లలో, అపార్ట్‌మెంట్లలో తీగ పక్కింటికీ పోతుంది. ఇంట్లోకి వచ్చేచోట మోకా ఫిల్టర్ బిగించి, అడాప్టర్లకు పాస్‌వర్డ్ పెట్టండి. కేబుల్ టీవీ మానేసినవాళ్లు బయటి తీగను విడదీస్తే సరిపోతుంది.

ఇంకొక మాట. మెట్లవెంట పైపైనే వైరు లాగే వీలుంటే మామూలు లాన్ వైరే చవక. 100 మీటర్ల దాకా అది బాగా పనిచేస్తుంది. అడాప్టర్ల ధర, వైరు ధర పక్కపక్కన పెట్టుకుని చూడండి.

మీ ఇంట్లో ఐటీఐ, డిప్లొమా చదివే అమ్మాయో అబ్బాయో ఉంటే ఈ పని వాళ్ల చేతికివ్వండి. తీగ ఎక్కడ కలిసిందో, అతుకు ఎక్కడ తెగిందో వెతకడం మన ఇంటి పిల్లలకు కొత్త కాదు. మిగిలిన బిల్లు డబ్బు వాళ్ల పుస్తకాలకు వస్తుంది.