మసకవెలుతురులో మృగరాజు: ఛాయాచిత్రమునకు మెరుగు ఎంతవరకు?

(వార్షిక మహాసభయందు రెండవనాటి ప్రసంగము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై సింహముల ఛాయాచిత్రములను గూర్చి మాటలాడుటకు కార్యదర్శిగారు నన్ను నియమించిరి. ఇది వట్టి వినోదవిషయమని కొందరు తలపవచ్చును. కాని మన యువకులలో పలువురు నేడు కెమెరాను జీవనోపాధిగా గైకొనియున్నారు. వారికిని, వారిచేత చిత్రములు తీయించుకొను మనకందరకును పనికివచ్చు సంగతి యిందులో నున్నది. వెలుతురు చాలనిచోట చిత్రమును ఎట్లు తీయవలయును? తీసిన పిమ్మట దానికి ఎంతవరకు మెరుగుపెట్టవచ్చును? ఎచ్చట ఆగవలయును? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు వన్యసింహమును మించిన యుదాహరణము నాకు తోచలేదు.

ఆసియాఖండమునందు వన్యసింహము నేడు గుజరాతులోని సౌరాష్ట్రమున మాత్రమే కలదు. జునాగఢ్ నవాబుల సంరక్షణవలన మిగిలిన గిర్ అడవి 1965లో అభయారణ్యమయ్యెను. అందు కొంతభాగము 1975లో జాతీయోద్యానమయ్యెను. 2015లో లెక్కింపగా 523 సింహములు తేలెను. 2020లో ఆ సంఖ్య 674, 2025లో 891. జూన్ నడుమనుండి అక్టోబరు నడుమవరకు ఉద్యానమును మూసియుంచెదరు. తక్కిన మాసములలో సాసణ్ గ్రామమున అనుమతి పొంది, మార్గదర్శి వెంటరాగా, పైకప్పులేని జీపులో పోవలయును. బండి దిగరాదు, బాట తప్పరాదు.

సింహము దినమునకు ఇరువది గంటలవరకు విశ్రమించు జంతువు. అది లేచి తిరుగుట, వేటాడుట, గర్జించుట చాలవరకు రాత్రియందును, తెల్లవారుజామునను, సందెవేళను జరుగును. వెలుతురున్నప్పుడు సింహము నిద్రించును. సింహము లేచునప్పటికి వెలుతురుండదు. ఛాయాగ్రాహకుని కష్టమంతయు ఇందుండియే పుట్టుచున్నది. దీనికితోడు గిర్ టేకుచెట్ల యడవి. చలికాలపు తొలిదినములలో ఆకులనీడ బాటను కప్పియుండును. వేసవిలో ఆకులు రాలగా ఎండుకొమ్మల నీడలు సింహము మేనిపై చారలుగా పడును. ఎండుగడ్డి వన్నెయు సింహము వన్నెయు నొక్కటియే గావున ఏది మేనో ఏది గడ్డియో కెమెరాకు తెలియదు. ముందుపోయిన జీపు రేపిన ధూళి యొక తెర. ఇట్టి తావున చిత్రము తీయవలయును.

కెమెరాలో వెలుతురును పాలించునవి రెండు: లెన్సు కన్ను ఎంత తెరచితిమి, షట్టరును ఎంతసేపు తెరచితిమి అనునవి. మూడవదియగు ఐ.ఎస్.ఓ. వచ్చిన వెలుతురును పెద్దదిచేసి చూపునదేగాని క్రొత్తగా వెలుతురును తెచ్చునది కాదు. ఒక యుదాహరణము చెప్పెదను. వేకువవేళ ఎఫ్ 4 తెరపున, ఐ.ఎస్.ఓ. 800 వద్ద, సెకనులో 60వ వంతు కాలము చాలుననుకొందము. పండుకొనియున్న సింహమునకు, కెమెరాను ఇసుకసంచిపై ఆనించినచో, అది సరిపోవచ్చును. నడచుచున్న సింహమునకు 500వ వంతైన లేనిదే కాళ్లు చెదరిపోవును. 60 నుండి 125కు, 250కు, 500కు పోవుట మూడుమార్లు వెలుతురును సగము చేయుట. కావున ఐ.ఎస్.ఓ.ను మూడుమార్లు రెట్టింపుచేసి 6400కు తీసికొనిపోవలయును. ఈ లెక్క వ్రేళ్లపై నుండవలయును. సింహము లేచిన తరువాత లెక్కించుటకు కూర్చున్నవానికి దాని తోక మాత్రమే చిక్కును.

ఐ.ఎస్.ఓ. పెంచినచో చిత్రముపై ఇసుక చల్లినట్లు రేణువులు కనబడునని భయపడువారు కలరు. ఆ రేణువులకు మూలకారణము వెలుతురు కొరతయే. వెలుతురు కణములుగా వచ్చునని భౌతికశాస్త్రజ్ఞులు కనుగొనిరి. కణములు నాలుగురెట్లైనప్పుడు వానిలోని యొడుదుడుకు రెండురెట్లే యగును. అందుచేత వెలుతురు హెచ్చినకొలది చిత్రము నున్ననగును, తగ్గినకొలది గరుకగును. గరుకును తరువాత కొంత సవరింపవచ్చును గాని చెదరిన రూపమును ఏ విద్యయు నిజముగా కూర్పజాలదు. కావున రెండింటిలో గరుకునే యెన్నుకొనవలయును.

కెమెరాలోని కొలమానము లోకమంతయు నడిమి బూడిదవన్నెతో నున్నదని తలచును. చీకటిపొదలో సింహమును చూపినచో అది వెలుతురును పెంచి వేకువను మధ్యాహ్నము చేయును. ఆకాశము వెనుకనుండగా చూపినచో సింహమును బొగ్గు చేయును. దానిని దిద్దుకొనుట ఛాయాగ్రాహకుని పని. ప్రాతఃకాలసూర్యుడు సింహమునకు వెనుకనున్నప్పుడు జూలు అంచు బంగారుతీగవలె మెరయును. గిర్ సింహమునకు ఆఫ్రికాసింహమునకున్నంత దట్టమైన జూలు సాధారణముగా నుండదు. చెవులు పైకి కనబడును. పొట్టక్రింద చర్మపుమడత వ్రేలాడుచుండును. ఎదురువెలుతురులో ఈ మూడు గుర్తులును తేటపడును. అట్టిచో జూలు అంచు తెల్లగా మాడిపోకుండునట్లు కొలత నుంచవలయును. మాడిన తెలుపులో తిరిగి రాబట్టుటకు ఏమియు మిగులదు. నీడలో కొంత మిగులును. ఆ మిగిలినదానిని దాచుటకే చిత్రమును రా ఫైలుగా తీయవలయును. పదునాలుగు బిట్ల ఫైలులో ఒక్కొక్క వన్నెకు 16,384 మెట్లు. మామూలు జేపెగ్ ఫైలులో 256 మెట్లు మాత్రమే. మెట్లు హెచ్చుగానున్నచోటనే మెల్లగా దిగుటకు వీలు.

వెలుతురు లేనిచో మనమే కల్పింపరాదా యని యడుగవచ్చును. జర్మనుదేశీయుడగు కార్ల్ గియోర్గ్ షిల్లింగ్స్ తూర్పు ఆఫ్రికాలో ఆ పనియే చేసెను. మెగ్నీషియపు పొడిని ప్రేల్చి ఆ మెరుపులో రాత్రివేళ సింహములను చిత్రించి, 1905లో గ్రంథముగా ప్రకటించెను. లోకము అబ్బురపడెను. కాని అందు కొన్ని చిత్రములకు కట్టివేసిన పశువులే ఎర. ఆ కాలమునందు దానిని తప్పుగా నెన్నలేదు. నేడు ఎన్నవలయును. గిర్ ప్రాంతమున కోడిని చూపి సింహిని రప్పించిన దృశ్యము 2018లో వెలువడగా, అభియోగము నడచి 2021లో నిందితులకు శిక్షపడెను. మనుష్యుని చేతినుండి ఆహారము దొరకునని నేర్చిన సింహము గ్రామమునకు వచ్చును. వచ్చిన సింహమునకును, గ్రామమునకును క్షేమము లేదు. చీకటిలో దానికి చూపునిచ్చు కంటిపై మెరుపును కొట్టుటయు మర్యాద కాదు. ఉన్న వెలుతురునకు లోబడి కాచుకొనియుండుటయే మార్గము.

ఇక మెరుగు సంగతి. పూర్వము చీకటిగదిలో ఛాయాగ్రాహకుడు ముద్రించుచు ఒకచోట చేయి అడ్డముపెట్టి నీడను తేలికచేయుచు, మరియొకచోట వెలుతురును హెచ్చించి నలుపును దట్టము చేయుచుండెను. నేడు ఆ పనియే కంప్యూటరుపై జరుగుచున్నది. కెమెరా తనంతట చెరిపివేసిన వేకువ వన్నెను కంటికి కనబడినట్లు తిరిగి నిలుపుట, నీడలోని ముఖమును కొంత పైకి తెచ్చుట, ధూళిచేత వెలవెలబోయిన చిత్రమునకు గాటు నిచ్చుట, గరుకును తగ్గించుట, అంచులు కత్తిరించుట, ఇవి న్యాయములు. ఏలయన అక్కడ వచ్చిన వెలుతురునే ఇవి సర్దుచున్నవి.

గరుకును తగ్గించు పనిలోనే అపాయమును దాగియున్నది. సింహము పైపెదవికిరుప్రక్కల మీసపు వెండ్రుకలు మొలచు నల్లని చుక్కలు వరుసలుగా నుండును. ఆ చుక్కల యమరిక ఒక సింహమునకున్నట్లు మరియొకదానికుండదు. 1970లో పెన్నీక్విక్, రుడ్నాయి అను శాస్త్రజ్ఞులు ఆ చుక్కలనుబట్టి సింహములను ఒక్కొక్కటిగా గుర్తించు పద్ధతిని ప్రకటించిరి. గుజరాతు అటవీశాఖవారు ఇప్పుడు సింబా యను కంప్యూటరు సాధనముచేత, ఛాయాచిత్రములలోని యిట్టి గుర్తులనుబట్టియే, గిర్ సింహములను పోల్చుకొనుచున్నారు. ఆ సాధనమును కూర్చుటలో మన తెలంగాణపు సంస్థ యొకటి తోడ్పడుట మనకు గర్వకారణము. ఈ చుక్కలు సింహము చేవ్రాలు వంటివి. నేటి కృత్రిమమేధ గరుకును తుడుచునప్పుడు, తాను పూర్వము చూచిన లక్షలాది చిత్రములనుబట్టి ఇచ్చట వెండ్రుక యుండవలయునని యూహించి వెండ్రుకను వ్రాయును. చుక్కను రేణువని భ్రమించి చెరుపును. చూచుటకు చిత్రము ముద్దుగా నుండును. కాని అది ఆ సింహము కాదు. లోకమున ఎచ్చటను లేని సింహము. 2018లో డిస్టెంపరు మొదలగు వ్యాధులు సోకి గిర్ తూర్పుభాగమున ఇరువదికి పైగా సింహములు మరణించెను. ఏ సింహము పోయినది, ఏది మిగిలినది యని తెలిసికొనవలసిన యట్టివేళ కల్పితమగు చుక్క యొకటి యెంత హాని చేయునో యోచింపుడు. కావున నేను చెప్పునదేమనగా, మూలఫైలును భద్రపరచుడు. మెరుగును సగముతో నిలుపుడు. మెరుగు పెట్టినచో పెట్టితినని చెప్పుడు.

గొప్ప వేదికలపై సైతము కల్పన నిలువలేదు. లండనులోని నేచురల్ హిస్టరీ మ్యూజియమువారి పోటీలో 2009లో ప్రథమబహుమానమందిన తోడేలు చిత్రమును, ఆ తోడేలు పెంపుడుదై యుండునని నిర్ణయించి, 2010లో తొలగించిరి. 2017లో ఒక విభాగమున గెలిచిన చీమలుతిను జంతువు చిత్రమును, అది చర్మమున కూరినబొమ్మయై యుండునని 2018లో తొలగించిరి. చిత్రమందలి సౌందర్యమును ఎవరును కాదనలేదు. నమ్మకము పోయినది, దానితో సౌందర్యమును పోయినది.

సోదరులారా, ఈ మాట అడవికి మాత్రమే చెందినది కాదు. మన సంఘపు వివాహసమాచారపు పుస్తకములలో అచ్చగు కన్యల చిత్రములను చూడుడు. చామనచాయ పిల్లను పాలరాతిబొమ్మను చేసి, ముక్కును దిద్ది, చెంపమీది పుట్టుమచ్చను తుడిచివేయుచున్నారు. పెండ్లిచూపులనాడు ఆ పిల్ల తన చిత్రముతోనే పోటీపడి యోడిపోవలసి వచ్చుచున్నది. ఇది ఛాయాగ్రాహకుని నేరమా, అట్లు చేయుమని ధనమిచ్చిన పెద్దల నేరమా యని విచారింపుడు. సింహము మూతిపై చుక్కను చెరుపుట అపచారమైనచో, మన బిడ్డ చెంపపై మచ్చను చెరుపుట ఉపచారమెట్లగును? కంటిక్రింది నీడను తేలికచేయుడు. దీపపు పసుపును సవరింపుడు. ముఖమును మాత్రము ఆమెదిగానే యుండనిండు.

యువకులకొక మనవి. అడవికి పోవుటకు ముందు మీ యూరి చెరువుగట్టున సందెవేళ ఎనుబోతును, ఇంటిముంగిట తెల్లవారుజామున కుక్కను తీసి యభ్యసింపుడు. మసకవెలుతురు ఎచ్చటనైనను ఒకటే. చేయి నిలుకడయైన పిమ్మట గిర్‌కు పోవచ్చును. పోషకులకొక మనవి. కెమెరా పట్టిన మన బిడ్డలకు మంచి లెన్సు కొనియిచ్చునప్పుడు, వారు తెచ్చిన చిత్రములో నీడ యున్నను, గరుకున్నను, అది నిజమైనచో మెచ్చుకొనుడు. మీ మెప్పును బట్టియే వారి చేతులు నడచును.

వేకువన పొదనీడలో సగము కనబడుచు సగము దాగిన సింహమునకు మనము చేయగల మర్యాద, కనబడిన సగమును ఉన్నట్లు చూపి, దాగిన సగమును దాగియుండనిచ్చుటయే.