దీపము వెలిగినను కరెంటు లేని యిల్లు



మోటారు బండిని మన మెఱుగుదుము. ఇంటిని నెఱుగుదుము. ఈ రెండును ఒక్కటైనచో దానిని అమెరికా దేశమున మోటారుహోము అందురు. తోలువాని పీటకు వెనుక పడకలు, వంటపొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది, ఫ్రిజ్జు, పైకప్పుమీద చల్లగాలి యంత్రము, ఇన్నియు నొక లారీయంత బండిలో నమర్చి యుందురు. పగలు ప్రయాణము చేసి, రాత్రి యొక విడిదిలో దానిని నిలిపి, అచ్చటి కరెంటు స్తంభమునకు త్రాడు తగిలించినచో ఇల్లు సిద్ధమగును. అట్టి యింటిలో మాకు కరెంటు పోయినది. దాని జాడ కనిపెట్టిన విధమును నేడు మీకు మనవి చేయదలచితిని. బండి యమెరికాదైనను, అది నేర్పిన పాఠము మన యిండ్లకును మన పంపుసెట్లకును వర్తించునదే.

మా కుమారుడు అరిజోనా రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. మేము వానిని చూడబోయినప్పుడు, జూన్ నెలలో, ఒక మోటారుహోమును అద్దెకు తెచ్చి యందఱమును ఉత్తరముగా బయలుదేఱితిమి. అచ్చట కొలరాడో నదికి అడ్డముగా గ్లెన్ కాన్యన్ అను పెద్ద యానకట్ట కలదు. ఎత్తు 710 అడుగులు. 1960వ సంవత్సరమున కాంక్రీటు పోయ నారంభించి 1963లో ముగించిరి. మన నాగార్జునసాగరము నిర్మింపబడుచున్న కాలముననే అదియు లేచినది. జలాశయము నిండుగా నున్నప్పుడు అందలి యెనిమిది యంత్రములు 1,320 మెగావాట్ల శక్తి నీయగలవు. ఆ కట్ట వెనుక నిలిచిన పావెల్ సరస్సు సమీపమున నొక విడిదిలో మేము బండి నిలిపితిమి. అంతటి శక్తి పుట్టుచోటికి కొలది మైళ్ల దూరమున మా ఫ్రిజ్జు ఆఱిపోవునని యెవ్వ రనుకొందురు?

ఆ ఫ్రిజ్జులో నా భార్య మందు కలదు. ఆమెకు చిరకాలముగా మధుమేహము. దినదినమును ఇన్సులిన్ తీసికొనవలెను. మూత విప్పని ఇన్సులిన్‌ను 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుంచవలెను. వాడుకలోనున్న సీసా సాధారణముగా నొక నెల వఱకు బయట నిలుచును గాని, వేడి 30 డిగ్రీలు మించరాదు. ఆ యెడారిలో మధ్యాహ్నము మూసియున్న బండిలో వేడి యంతకు మించుట నిశ్చయము. కుమారుని యింటిలో కరెంటు పోయిన చూచువా రెవ్వరును లేరని తలచి, ఆమె తనకు ఆఱు మాసములకు సరిపడు మందునంతయు వెంట తెచ్చుకొన్నది. ఆమె వాడెడి రకము ఆ దేశపు వైద్యుని చీటీ లేనిదే దొరకదు.

ఆ సాయంకాలము ఎండ తీవ్రముగా నుండెను. చల్లగాలి యంత్రమును, నీళ్లు కాచు యంత్రమును, మైక్రోవేవు పొయ్యిని ఒక్కమాఱుగా నడపితిమి. ప్రొద్దు క్రుంకిన పిమ్మట ఎడారిగాలి చల్లబడెను. చల్లగాలి యంత్రము నాపి కిటికీలు తెఱచితిమి. దీపములు చక్కగా వెలుగుచుండెను. నీళ్ల పంపు తిరుగుచుండెను. నిశ్చింతగా నిద్రించితిమి. తెల్లవాఱుజామున లేచి మీట నొక్కగా దీపము మసకగా మినుకుమనెను. ఫ్రిజ్జుమీది గుఱుతు దీపము పూర్తిగా నాఱిపోయి యుండెను.

“ఏమండీ, నా మందు మాట యేమి?” అని నా భార్య యడిగెను.

“రాత్రి యంతయు దీపములు వెలిగినవి కదా, నాన్నగారూ! కరెంటు ఇప్పుడే పోయి యుండును,” అని మా వాడు ధైర్యము చెప్పెను. నేనును అట్లే తలచితిని. మే మిద్దఱమును పొరపడితిమి. కరెంటు ముందటి సాయంకాలమే పోయినది.

అది యెట్లన, ఇట్టి బండిలో కరెంటు రెండు తెగలుగా నుండును. మొదటిది స్తంభమునుండి వచ్చునది. మన యిండ్లలో 230 వోల్టులు, అమెరికాలో 120. చల్లగాలి యంత్రము, మైక్రోవేవు పొయ్యి, గోడమీది ప్లగ్గులు దీనితో నడచును. రెండవది బ్యాటరీలలో నిలువ యుండు 12 వోల్టుల కరెంటు. దీపములు, నీళ్ల పంపు, ఫ్రిజ్జును నడపించు చిన్న పలక, పెక్కు బండ్లలో విషవాయువును కనిపెట్టి మ్రోగు గంటయు దీనిమీద నాధారపడును. ఇంజనును త్రిప్పు బ్యాటరీ వేఱు; ఇంటి బ్యాటరీలు వేఱు. ఈ రెండు తెగల కరెంటునకు నడుమ కన్వర్టరు అను పెట్టె యుండును. అది స్తంభపు కరెంటును 12 వోల్టులుగా మార్చి దీపముల కిచ్చుచు, ఆ బ్యాటరీలను నింపుచుండును.

మిద్దెమీద నీళ్లతొట్టి గల యింటిలో ఏమి జరుగునో తలచి చూడుడు. వీథిలో గొట్టము పగిలి నీళ్లు నిలిచిపోయినను ఇంటిలో కొళాయి త్రిప్పిన నీళ్లు వచ్చుచునే యుండును. తొట్టి యడుగంటిన పిమ్మటనే మనకు తెలియును. మా బండిలోను అదియే జరిగినది. స్తంభపు కరెంటు పోగానే ఫ్రిజ్జు తనంతట తానే గ్యాసు మంటకు మాఱినది. ఆ జాతి ఫ్రిజ్జు కరెంటుతోను గ్యాసుతోను గూడ చల్లబడును. కాని గ్యాసు తెఱచి యుంచుటకును 12 వోల్టుల కరెంటు కావలెను. బ్యాటరీ రాత్రి యంతయు మోసి మోసి తెల్లవాఱునప్పటికి చేతులెత్తినది. దానితో మంటయు నాఱినది.

ఇట్టి సమయమున మరమ్మతునకు ముందు చేయవలసినవి రెండు కలవు. మొదటిది, చెడిపోవుదానిని కాపాడుకొనుట. విడిది యంగడిలో మంచు తెచ్చి, ఒక పెట్టెలో వేసి, దానిమీద మందపు తువాలు పఱచి, ఆపైన మందు నుంచితిమి. మంచునకు తగిలి గడ్డకట్టిన ఇన్సులిన్ మఱల కరిగినను పనికిరాదు. కావున నడుమ తువాలు తప్పదు. రెండవది, మనుష్యుల రక్షణ. బ్యాటరీ యడుగంటినప్పుడు విషవాయువు గంటయు మూగవోవును గనుక, ఆ సమయమున పొయ్యితో గాని జనరేటరుతో గాని చొరవ చేయరాదు. బండి యినుపభాగమును ముట్టినప్పుడు చేయి జివ్వుమనినచో మఱల ముట్టక దూరముగా నిలిచి స్తంభపు బ్రేకరును ఆపింపవలెను. అది ఎర్తు తెగిన గుఱుతు కావచ్చును.

ఆ పిమ్మట వెదకుట. కాలువ క్రింది చివరి మడికి నీ రందనప్పుడు మన పెద్దలు ఏమి చేయుదురు? మడిలో నిలిచి ఆకసమువంక చూడరు, గట్టువెంట నడతురు. నడుమ నొక తూమువద్ద నిలిచి నీ రున్నదేమో చూతురు. ఉన్నచో గండి క్రిందను, లేనిచో పైని. ఒక్క చూపుతో సగము కాలువ వెదకనక్కఱ లేకపోవును. కరెంటు విషయమునను ఇంతకు మించిన విద్య లేదు.

మొదట బ్యాటరీకి మీటరు పెట్టితిమి. సీసపు బ్యాటరీ నిండుగా నుండి విశ్రాంతిగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12.2 అనిన సగము. 12కు దిగినచో దాదాపు అడుగంటినట్లే. కన్వర్టరు నింపుచున్నప్పుడైతే 13కు పైగా నుండవలెను. మాకు కనిపించినది 11.3. కావున బ్యాటరీ చెడలేదు, దానిని నింపువాడు లేడు అని తెలిసినది. కన్వర్టరునకు స్తంభపు కరెంటు వచ్చుచున్నదా? మైక్రోవేవు పొయ్యిమీది గడియారము నల్లగా నుండెను. అనగా లోపము ఇంకను పైననే కలదు. బ్రేకరుల పలకను చూచితిమి. ట్రిప్పయిన బ్రేకరు నడిమధ్య నిలిచి, చూచుటకు సరిగా నున్నట్లే యుండును. దానిని పూర్తిగా క్రిందికి దించి మఱల ఎత్తవలెను. ఒక్కొక్కటిగా నట్లు చేసితిమి. ఫలము లేదు.

అప్పుడు నడుమ తూమువద్దకు వచ్చితిమి. బండికి సొంత జనరేటరు కలదు. అదియు స్తంభపు త్రాడును ఒక మార్పిడి పెట్టెలో కలియును. అచ్చటినుండి యొకే దారి. జనరేటరు కరెంటు లోపలికి వచ్చినచో ఆ పెట్టెకు లోపలనున్న దంతయు మంచిదే. లోపము త్రాటివైపున నున్నట్లు. ఇంటి బ్యాటరీ దానిని త్రిప్పజాలకపోగా, తోలువాని యెదుటనున్న సహాయపు మీట నొక్కి ఇంజను బ్యాటరీని తోడు తీసికొంటిమి. కిటికీలు మూసి, పొగగొట్టమువైపున నెవ్వరును లేకుండ చూచి, జనరేటరును నడపితిమి. ఇట్టి జనరేటరులు పెక్కు బండి తొట్టినుండియే యింధనము త్రాగును. తొట్టి నాలుగవవంతునకు దిగినచో ఆగిపోవునట్లు గొట్టము నమర్తురు. మా తొట్టి సగమునకు పైగా నుండెను. అర నిమిషము గడచినది. పెట్టెలో టక్కుమను శబ్దము వినవచ్చెను. మైక్రోవేవు గడియారము వెలిగెను.

ఇంక మిగిలినవి త్రాడును స్తంభమును మాత్రమే. స్తంభపు బ్రేకరు దించి ప్లగ్గును బయటికి లాగితిమి. దాని మూడు రేకులలో నొకటి బొగ్గువలె నల్లబడి, చుట్టునున్న ప్లాస్టిక్ కరిగి యుండెను. స్తంభపు సాకెట్టు లోపలి పట్టు పెక్కేండ్ల వాడుకచే సడలినది. దానికి తోడు మేము ప్లగ్గును తుదివఱకు నెట్టలేదు; మూడు పెద్ద యంత్రములను ఒక్కమాఱుగా నడపితిమి. ఆ సాకెట్టు 30 ఆంపియరులకు. సడలిన పట్టులో ఓమ్‌లో పదవవంతు అడ్డు ఉన్నను, 30 ఆంపియరులు పాఱునప్పుడు అచ్చట 90 వాట్ల వేడి పుట్టును. గోరంత చోట నొక పెద్ద బల్బు వేడి! ఇట్టి వేడిని బ్రేకరు గుర్తింపదు. అది కరెంటు మితిమీరుటను చూచును గాని పట్టు సడలుటను చూడదు.

కాలిన ప్లగ్గును మఱియొక మంచి సాకెట్టులో పెట్టరాదు, దానినిగూడ కాల్చును. విడిది నడపువారు మాకు వేఱొక స్తంభ మిచ్చిరి. బండి యజమానులకు ఫోను చేసి, వారి యనుమతితో కొత్త ప్లగ్గు కొని తెచ్చితిమి. త్రాడు కోసి చూడగా మూడు తీగలు: నలుపు, తెలుపు, ఆకుపచ్చ. మన యూళ్లలో నేను పెక్కు ప్లగ్గులు బిగించినవాడను. మనకు ఎఱుపు ఫేజు, నలుపు న్యూట్రలు. ఆ యలవాటుచే నల్లతీగను న్యూట్రలు మరకు తగిలింపబోతిని. “ఆగండి, నాన్నగారూ!” అని మా వాడు చేయి పట్టుకొనెను. ఆ దేశమున నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు, ఆకుపచ్చ మాత్రము ఇచ్చటను అచ్చటను ఎర్తు. నేను తాఱుమాఱు చేసి యుండినచో దీపములు వెలుగును, యంత్రములు నడచును, ఎవ్వరికిని తెలియదు. కాని మీట ఆపిన పిమ్మటను యంత్రములోపల ఫేజు నిలిచియుండును. ఆగినదని నమ్మి చేయిపెట్టినవాని ప్రాణము పోవచ్చును. నా యనుభవమే ఆ నిమిషమున నాకు శత్రువైనది. చిన్నవాని మాట వినుటచే గండము గడచినది.

కొత్త ప్లగ్గు బిగించి, తుదివఱకు నెట్టి, బ్రేకరు నెత్తితిమి. బ్యాటరీవద్ద మీటరు 13.6 చూపెను. ఫ్రిజ్జుమీది గుఱుతు దీపము వెలిగెను. మంచుపెట్టెలోని ఉష్ణమాని 6 డిగ్రీలలో నుండెను. నా భార్య మందును లెక్కపెట్టి మఱల ఫ్రిజ్జులో నుంచెను.

ప్రతిసారియు లోపము ప్లగ్గుననే యుండదు. ద్వారమువద్దనుండు బ్యాటరీ మీటను ఎవ్వరో తెలియక నొక్కి యుండవచ్చును. స్నానపుగదిలోని రక్షణ ప్లగ్గు తడిచే ట్రిప్పయినచో వంటయింటి ప్లగ్గులును ఆగిపోవచ్చును. ఫ్యూజు కాలి యుండవచ్చును. బ్యాటరీ కొనలకు తెల్లని బూజువంటిది పట్టి యుండవచ్చును. దానిని శుభ్రపఱచుటకు విప్పునప్పుడు ఋణపు కొనను ముందు విప్పి, బిగించునప్పుడు దానినే తుదిని బిగింపవలెను. ఏది యైనను, ఊహించి యొక్కొక్కటి మార్చుచు పోయినచో డబ్బును ప్రొద్దును వ్యర్థము. గట్టువెంట నడచినచో గండి దొరకును.

పెద్దలారా, ఇప్పుడు మన యూళ్లలోను పెక్కిండ్లలో ఇన్వర్టరులు వెలసినవి. దీపము వెలుగుచున్నది గదా యని యూరకుండక, అది లైను కరెంటుతో వెలుగుచున్నదా, బ్యాటరీతోనా యని రాత్రి పండుకొనుటకు ముందు ఒక్కమాఱు చూడుడు. ఇంటిలో మందు ఫ్రిజ్జులో నున్నవా రీ మాట మఱువరాదు. పంపుసెట్టు ఆగినప్పుడు మోటారును విప్పుటకు ముందు మెయిను దించి, స్టార్టరు వద్దను ఫ్యూజుల వద్దను నల్లబడిన పట్టు, సడలిన మర గలవేమో విద్యుత్తు పని తెలిసినవానిచే చూపింపుడు. మోటారు కాలుటకు ముందు పెక్కుసార్లు పట్టు సడలుచున్నది.

కరెంటు పోయిన వేళ దీపము చెప్పెడిమాట నమ్మరాదు. మీటరు చెప్పినమాట నమ్మవలెను. నా కది యొక రాత్రి పొరపాటుచే తెలిసినది. మీకు ఇట్లు వినుటచేతనే తెలియుగాక!