కుళాయి నీరు – క్యాను గార
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే లెక్కల పుస్తకాలు తీయమంటాడని మీకు తెలుసు. పుస్తకాలు తరువాత చూద్దాము. ఈ పూట మీ క్యాన్లు కడిగే నీళ్ళ సంగతి మాట్లాడాలని వచ్చాము.

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో, డెల్టాలో ఒక చిన్న పట్టణాన్ని ఆనుకుని ఉన్న సంఘంలో సాయంత్రం పాలు వరుసగా చెడిపోసాగాయి. శీతలీకరణ కేంద్రంలో కాచి చూస్తే విరిగిపోతున్నాయని క్యాన్లు తిరిగి వచ్చేవి. సంఘంలో అనుమానాలు పుట్టాయి. ఒక సభ్యురాలు పొద్దుటి పాలు కలుపుతున్నదని కొందరు అన్నారు. రెండు పూటలు ఆమె పాలు తీసుకోలేదు. ఒక్క గేదె మీద బతికే ఇల్లు అది. మేము కూడా మొదట పుస్తకాలలోనే దోషం వెతికాము. చివరకు ఒక క్యానును ఎండలోకి తెచ్చి, లోపల వేలు పెట్టి రుద్ది చూశాము. మెడ కింద, అడుగు అంచున గరుకుగా తెల్లని పొర తగిలింది. పంటికి పట్టే గార వంటిదే అది. కాలువలు కట్టివేసిన రోజులు. కుళాయి సరిగా రాక, క్యాన్లు బోరు నీళ్ళతో కడుగుతున్నారు. ఆ నీళ్ళలో సబ్బు నురగే రావడం లేదు. తప్పు ఆ సభ్యురాలిది కాదని సమావేశం పెట్టి చెప్పవలసి వచ్చింది. మేమూ ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాము.

నీళ్ళలో కాఠిన్యం అంటే ఏమిటి? నీరు మట్టిలో, రాళ్ళలో ఇంకి పారేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అవి ఎక్కువైతే సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. అదే కఠిన జలం. నది నీటిలో వాన నీటి పాలు ఎక్కువ గనుక సాధారణంగా కాఠిన్యం తక్కువ. బోరు నీరు భూమిలో చాలాకాలం నిలిచినది గనుక కాఠిన్యం ఎక్కువ. సముద్రం దగ్గరి ఊళ్ళలో దానికి ఉప్పదనం కూడా తోడవుతుంది.

గుడివాడ, పాలకొల్లు, భీమవరం వంటి డెల్టా పట్టణాలకు కాలువ నీరే ఆధారం. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు చెరువులు నింపుకుని, ఆ నిల్వతో నెట్టుకొస్తారు. పటిక వేసి బురద తేర్చి, ఇసుక పడకల గుండా వడగట్టి, క్లోరిన్ కలిపి కుళాయిలకు వదులుతారు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. పటిక బురదను తీస్తుంది, క్లోరిన్ క్రిములను చంపుతుంది. కరిగి ఉన్న లవణాలను రెండూ తీయలేవు. వేసవిలో చెరువు నీరు ఎండకు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో లవణాల పాలు పెరుగుతుంది. కనుక శ్రావణంలో వచ్చే కుళాయి నీరూ, వైశాఖంలో వచ్చే కుళాయి నీరూ ఒకటి కావు.

భారత ప్రమాణాల సంస్థ 2012 నాటి త్రాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఉండవచ్చు. వేరే ఆధారం లేనిచోట 600 వరకు ఒప్పుకుంటారు. కాఠిన్యం విషం కాదు. ఆరోగ్యం దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి హద్దు పెట్టలేదు. మనకు నష్టం క్యానులోనే.

అది ఎలాగంటారా? పాలలోనే కాల్షియం, మాంసకృత్తులు ఉన్నాయి. పాలు అంటిన క్యానులో ముందే మరిగే నీళ్ళు పోస్తే మాంసకృత్తులు గోడకు అంటుకుపోతాయి. కఠిన జలంలో సోడా కలిపితే సున్నం తేలి వాటి మీద పేరుకుంటుంది. రోజుకొక పలుచని పొర. ఆ గార సందుల్లో క్రిములు దాక్కుంటాయి. పైపైన పోసిన బ్లీచింగ్ నీరు వాటిని చేరదు. మరునాడు గోరువెచ్చని పాలు పోయగానే అవి పెరిగి పాలను పులియబెడతాయి.

కనుక మా మనవి ఇది. పాలు పోసిన వెంటనే క్యానును ముందు చల్లని నీటితో తొలచండి. తరువాత యూనియన్ ఇచ్చే శుభ్రపరచే పొడిని వేడి నీళ్ళలో కలిపి బ్రష్షుతో తోమండి. అల్యూమినియం క్యాన్లకు గాఢమైన చాకలి సోడా వాడవద్దు, లోహాన్ని తినివేస్తుంది. మళ్ళీ మంచి నీటితో కడిగి, స్టాండు మీద బోర్లించి ఆరనివ్వండి. పలుచగా పట్టిన సున్నపు గార చింతపండు పులుసుతో తోమితే పోతుంది. మొండి గారకు ఆమ్లం కావాలి; అది యూనియన్ సూపర్‌వైజరు చేతి మీదుగానే జరగాలి. ఆమ్లాన్ని, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపవద్దు. విషవాయువు పుడుతుంది.

నీటిని ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు. సీసాలో సగం నీరు పోసి, స్నానపు సబ్బు తురుము కొంచెం వేసి బాగా ఊపండి. నురగ నిలిస్తే మృదువైన నీరు. తెల్లని తెట్టు కడితే కఠినమైన నీరు. బట్టల పొడితో ఈ పరీక్ష చేయకండి, అది కఠిన జలంలోనూ నురగ ఇస్తుంది.

ఇక కుళాయి సంగతి. ఆగి ఆగి వచ్చే కుళాయిలో, గొట్టం పగిలినచోట మురుగు లోపలికి పీల్చుకునే ప్రమాదం ఉన్నది. నీళ్ళు వదలగానే మొదట వచ్చే మురికి నీటిని పారబోసి, తేటగా వచ్చిన తరువాత పట్టండి. కుళాయి చివరన కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. కొంచెం వాసన వస్తే విసుక్కోకండి, అది మన కాపలాదారు.

చివరగా పాలకవర్గానికి ఒక మాట. కాలువలు కట్టివేయక ముందు ఒకసారి, కట్టిన తరువాత ఒకసారి కుళాయి నీరు, బోరు నీరు వేర్వేరు సీసాలలో ప్రయోగశాలకు పంపండి. ఫలితాలను పాల రిజిస్టరు పక్కనే ఒక పుస్తకంలో వ్రాయండి. ఎద్దడి రోజుల్లో కుళాయి నీరు కొంత మూత ఉన్న తొట్టెలో క్యాన్ల కోసమే దాచండి.

పాలు చెడినప్పుడల్లా "ఎవరు నీళ్ళు కలిపారు?" అని అడగడం మనకు అలవాటు. ఇకమీదట "ఏ నీళ్ళతో కడిగారు?" అని ముందు అడుగుదాము. సంఘం నిలిచేది సభ్యుల మధ్య నమ్మకం మీద. ఒక క్యాను గార కోసం దానిని పోగొట్టుకోవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఇప్పుడు కార్యదర్శిగారు పుస్తకాలు తేవచ్చును.