ఎండ ముదిరినదా?



ప్రొద్దుటూరిలో మా వీధి యరుగుపై ఏటేట వైశాఖమున ఒక వాదము పుట్టును. “ఈ యెండలు మనుష్యుడు తెచ్చికొన్నవే” యని యొకరు, “ధాతకరువునాడు ఏ మోటార్లు తిరిగినవి? కాలచక్రమింతే” యని పులివెందుల పెద్ద యొకరు.

పెద్దమాట త్రోసివేయరానిది. 1876లో ధాత సంవత్సరమున వానలు తప్పి ఈ సీమలో అసంఖ్యాకముగా జనులు మడసిరి. కాని ఒక యేటి కరువు వేఱు, భూగోళమంతయు తరతరమునకు కాగుట వేఱు. బొగ్గుపులుసుగాలి హెచ్చిన భూమి కాగునని 1896లోనే స్వీడన్ పండితుడు అర్హీనియస్ లెక్కకట్టెను. యంత్రయుగమునకు మునుపు పదిలక్షల పాళ్లలో 280గా నుండిన ఆ గాలి నేడు 420 దాటినది.

సూర్యుడే తీక్ష్ణుడైనాడేమో యని నేనును చాలకాలము శంకించితిని. అట్లైన మీది వాయుమండలమును కాగవలెను గదా! అది చల్లబడుచున్నది, క్రిందిదే కాగుచున్నది. నా శంక అంతటితో తీఱినది. ఎచ్చట వాన హెచ్చును, ఎచ్చట తగ్గును అనుచోట తర్కమింకను కలదు.

జమ్మలమడుగు రైతొకడు ముద్దనూరు దిక్కున బొగ్గు మండించు విద్యుత్కేంద్రపు గొట్టములు చూపి, “ఆ కరెంటే నా బోరు నడుపుచున్నది, దానిని తిట్టుదునా?” యనెను. న్యాయమైన ప్రశ్నయే. (బోర్లెండుటకు ముఖ్యకారణము మన తోడుడే; ఆ నింద యెండపై వేయరాదు.) నూఱేండ్లకు పైగా పొగలు గ్రక్కిన సంపన్నదేశములు ముందు తగ్గింపవలెనని మాత్రము చెప్పితిని.

“వారు తగ్గించువఱకు నా చేను ఆగునా, అయ్యవారూ?” యని, కరెంటు వచ్చు వేళయైనదని లేచిపోయెను.