కడ్డీ లోపలి నిజం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే కమ్మరి పని అంటాను. నవ్వుతారు గానీ అది నిజమే. ఊళ్ళో కమ్మరి కర్రు సాగగొడితే, నేను వేల టన్నుల ప్రెస్సు కింద టైటానియం దిమ్మలను కడ్డీలుగా సాగగొట్టిస్తాను. తుంటి కీలు మార్చినప్పుడు తొడ ఎముకలో దిగే కాడ, విరిగిన ఎముకకు వేసే ప్లేటు, స్క్రూ ఇలాంటి కడ్డీల నుంచే వస్తాయి.

టైటానియమే ఎందుకు? ఉక్కు బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఒంట్లో తుప్పు పట్టదు. ఉక్కు అంత బిరుసుగా ఉండదు కాబట్టి ఎముక మోయాల్సిన బరువును ఎముకకూ కొంత వదులుతుంది. అన్నిటికీ మించి, ఎముక దాన్ని పరాయిదిగా చూడదు. స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ ఎముకల్లో అమర్చిన టైటానియం పరికరాలను తిరిగి తీయబోతే రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో ఆయన తొలిసారి ఒక మనిషి దవడలో టైటానియం వేళ్ళు నాటి పళ్ళు కట్టారు.

మేము ఎక్కువగా వాడే మిశ్రమంలో అల్యూమినియం 6 శాతం, వెనేడియం 4 శాతం, మిగతాది దాదాపుగా టైటానియం. వైద్యానికి వాడే రకంలో ఆక్సిజన్ 0.13 శాతం దాటకూడదు. దాటితే లోహం పెళుసెక్కుతుంది. అందుకే దీన్ని గాలి తగలకుండా శూన్యంలో రెండు మూడుసార్లు కరిగిస్తారు. ముడిసరుకైన టైటానియం స్పాంజిని 2011 నుంచి కేరళలోని చవరలో తయారు చేస్తున్నారు. ఆ సాంకేతికతను రూపొందించింది హైదరాబాదులోని డీఎంఆర్‌ఎల్ అని చెప్పడం మనకు గర్వం.

ఇనుము కాలినప్పుడే సాగగొట్టాలని మన పెద్దల మాట. టైటానియానికి ఆ మాట సగమే నిజం. దాదాపు 980 డిగ్రీల దగ్గర దీనికొక గీత ఉంది. చివరి విడత సాగగొట్టడం ఆ గీతకు దిగువనే, 950 ప్రాంతంలో జరగాలి. అప్పుడే లోపల సన్నని, గుండ్రని రేణువులు ఏర్పడతాయి. గీత దాటితే అవి పోయి పొడుగాటి పలకలు వస్తాయి. తుంటిలో అమర్చిన కాడ ఏడాదికి సుమారు పది లక్షల అడుగుల భారం మోయాలి. అన్ని లక్షల సార్లు భారం పడినా పగులు మొదలవకుండా కాచేది ఆ సన్నని రేణువులే.

చిక్కేమిటంటే, ప్రెస్సు నొక్కిన ప్రతిసారీ లోపల కొత్త వేడి పుడుతుంది. టైటానియం వేడిని పదిలంగా పట్టుకుంటుంది. ఇనుము పంపినంత వేడిని బయటికి పంపదు. గబగబా నొక్కితే పైన చల్లబడుతున్నట్టే ఉంటుంది, నడుమ మాత్రం గీత దాటిపోతుంది. అందుకే నొక్కుకూ నొక్కుకూ మధ్య ఆగాలి.

ఉద్యోగంలో చేరిన ఎనిమిదో ఏట, ఒక రాత్రి షిఫ్టులో నేను ఆగలేదు. ఇంకా రెండు దిమ్మలు మిగిలాయి, తెల్లవారబోతోంది. మళ్ళీ ఫర్నేసులో పెడితే గంటకు పైగా పోతుంది. ‘కానీయండి’ అన్నాను. రెండో దిమ్మ పక్కన ఒక గీత మిగతా నారింజ రంగు కంటే తెల్లగా మెరిసి మాయమైంది. చూసింది నేనొక్కడినే.

కడ్డీలు చల్లారాక నున్నగా, చక్కగా ఉన్నాయి. అల్ట్రాసోనిక్ పరీక్షలో పగుళ్ళు, బోలు చోట్లు దొరుకుతాయి. రేణువుల తీరు మారినా ఆ పరీక్ష నెగ్గవచ్చు. కోసి చూసే నమూనాలు లాటుకు కొన్నే తీస్తారు. లాగ్ షీటులో ‘సవ్యం’ అని రాస్తే అడిగేవారు లేరు.

అప్పుడు నాకు తొమ్మిదో తరగతి లోలకం ప్రయోగం గుర్తొచ్చింది. కొలవకుండానే జవాబు సరిగ్గా 980 సెంటీమీటర్లు అని రికార్డులో వేశాను. మన సైన్సు మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి, “నీ లోలకం కూడా పుస్తకం చదివిందట్రా? వచ్చింది రాయి, రావలసింది కాదు” అన్నారు. ఆ పీరియడంతా నిలబెట్టారు కూడా.

చూసింది చూసినట్టు రాశాను. ఆ రెండు కడ్డీలను కోసి, మెరుగుపెట్టి, మైక్రోస్కోపు కింద చూశారు. అంచున రేణువులు బాగానే ఉన్నాయి, నడుమ పలకలు. రెండింటినీ వైద్యానికి పనికిరావని పక్కన పడేశారు. నాకు మెమో వచ్చింది. ఆ ఏడు ప్రమోషన్ పోయింది. ఇంట్లో ఆ సంగతి చెప్పడానికి వారం పట్టింది. తర్వాత కొన్ని నెలలకు మా లాగ్ షీటులో ‘నొక్కుల మధ్య విరామం’ అని కొత్త గడి చేరింది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు మొదట నింపడం నేర్చుకునేది ఆ గడినే.

ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషికి మా పేరు తెలియదు. తన ఎముకలోకి వెళ్ళేదాన్ని ఆయన పరీక్షించలేడు. డాక్టరు కూడా కోసి చూడలేడు. వాళ్ళకు ఉన్న ఆధారం కడ్డీ మీది హీట్ నంబరు, ఆ నంబరు వెనక ఎవరో నిజంగా రాసిన కాగితం.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కట్టిద్దామా, ప్రయోగశాల బాగు చేయిద్దామా అని చర్చ నడుస్తోంది. నా ఓటు ప్రయోగశాలకే. నేటి పిల్లలు కూడా అక్కడ తప్పు రీడింగు తెచ్చుకోవాలి, దాన్ని దిద్దే మాస్టారు అక్కడ ఉండాలి.

మాస్టారు ముందు వరుసలో కూర్చున్నారు. ఆ రోజు సంగతి ఆయనకు గుర్తుండి ఉండదు. నాకు గుర్తుంది మాస్టారూ, నమస్కారం.